అనుమానం ఎవరిమీద?

వదంతుల గురించి మన సాహిత్య సభల్లో ఈ మధ్య తరచుగా చర్చ జరుగుతున్నది. జరిగిన ప్రతిసారీ దాదాపు ఒకే తీర్పు వెలువడుతున్నది. ప్రజలు అజ్ఞానులు, చేతికి ఫోను వచ్చింది గాని బుద్ధికి వివేకం రాలేదు, ఏది చూపిస్తే అది నమ్ముతారు. ఇదీ ఆ తీర్పు. అభ్యుదయవాదులమని చెప్పుకునే మిత్రులు కూడా ఈ మాట అనడానికి సంకోచించడం లేదు. ఈ తీర్పు తప్పని నా అభిప్రాయం. తప్పుమాత్రమే గాదు, వదంతిని పుట్టించేవాడికి ఇంతకంటె అనుకూలమైన తీర్పు మరొకటి లేదు. ఎందుకో నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల అనుభవాన్నే ఆధారం చేసుకుని చెప్పదలచుకున్నాను.

2018 వేసవిలో తెలంగాణ పల్లెల మీద ఒక భయం కమ్ముకున్నది. బీహారు ముఠాలు దిగాయి, పార్ధీ ముఠాలు దిగాయి, పిల్లల్ని ఎత్తుకుపోయి అవయవాలు కోసి అమ్ముకుంటున్నారు అంటూ వాట్సాప్‌లో మాటలూ బొమ్మలూ ఊరూరా తిరిగాయి. ఆ మే నెలలో పాత నల్లగొండ జిల్లా బీబీనగర్ మండలంలో, బయటినుంచి వచ్చిన ఒక ఆటో డ్రైవరును జనం కొట్టి చంపారు. నిజామాబాదు జిల్లా భీంగల్ మండలంలో మరొక మనిషి ఇలాగే ప్రాణం పోగొట్టుకున్నాడు. మే 26 రాత్రి హైదరాబాదు పాతబస్తీ చాంద్రాయణగుట్టలో, మహబూబ్‌నగర్ ప్రాంతం నుంచి భిక్షాటనకు వచ్చిన హిజ్రాలను గుంపు చుట్టుముట్టింది. వారిలో ఒకరు చనిపోయారు. జులై 13న హైదరాబాదు యువకుడొకడు, ఇంజనీరు, స్నేహితులతో కలిసి కర్ణాటకలోని బీదరు జిల్లాకు వెళ్ళాడు. స్నేహితులు బడిపిల్లలకు చాక్లెట్లు పంచారు. ఆ చాక్లెట్లే నేరమైనాయి. అతడు తిరిగి రాలేదు.

ఇంతమందిని చంపింది అజ్ఞానమేనా? ఒక్కసారి ఆ సరుకును పరిశీలించండి. ఆ రోజుల్లో దేశమంతా తిరిగిన ఒక దృశ్యంలో మోటారుసైకిలు మీద వచ్చిన ఇద్దరు వీధిలో ఆడుకుంటున్న పిల్లవాణ్ణి ఎత్తుకుపోతారు. ఆ చిత్రాన్ని 2016లో పాకిస్తానులోని కరాచీ నగరంలో తీశారు. పిల్లల్ని జాగ్రత్తగా చూసుకోండని తల్లిదండ్రులను హెచ్చరించడానికి ఒక సేవాసంస్థ తీయించిన ప్రచారచిత్రమది. చివర ఆ మనుషులే వెనక్కి వచ్చి పిల్లవాణ్ణి దింపి, హెచ్చరిక రాసిన అట్టను చూపిస్తారు. ఎవరో ఆ చివరి భాగాన్ని కత్తిరించారు. అలాగే 2013లో సిరియా దేశంలో విషవాయువుకు బలైన పసివాళ్ళ శవాల చిత్రాన్ని, మన దేశంలో అవయవాల కోసం చంపిన పిల్లలని చూపించారు. కత్తిరించినవాడికి, అతికించినవాడికి చదువు లేదా? సిరియా బొమ్మను వెతికి తెచ్చి ఇక్కడి భాషలో వ్యాఖ్య రాసినవాడు నిరక్షరాస్యుడా? అబద్ధం చెబితే అతికినట్టుండాలని మన సామెత. అతకడం ఒక పనితనం. ఆ పనితనం ఉన్నవాణ్ణి వదిలిపెట్టి, చూసి వణికిన తల్లిని అజ్ఞాని అనడం ఏ రకమైన అభ్యుదయం?

బిడ్డ పోతుందన్న భయం అజ్ఞానం కాదు. ఎండాకాలంలో కూలికి పోతూ చిన్నపిల్లల్ని ముసలివాళ్ళకు అప్పజెప్పి వెళ్ళే ఇంట్లో ఆ భయానికి కారణం ఉన్నది. నేరమంతా ఆ భయానికి ఒక ముఖం తగిలించడంలో ఉన్నది. మనం విచారించవలసింది ఆ ముఖం సంగతే.

ఇక్కడ మరొక వర్గం మిత్రులు అడ్డం వస్తారు. "నిప్పు లేనిదే పొగ రాదు కదా" అంటారు. సరే, ఆ నిప్పు ఎక్కడిదో చూద్దాం. పార్ధీలను దొంగలముఠా అన్నది ఎవరు? 1871లో బ్రిటిషు ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం చేసింది. పుట్టుకతోనే మనిషి దొంగ అని చట్టంలో రాసుకున్న ప్రభుత్వమది. సంచార జాతులను పేరుపేరునా పట్టికల్లోకి ఎక్కించింది. ఊరు దాటాలంటే అనుమతి, రాత్రి హాజరు, పోలీసు కాపలా. మన తెలుగుదేశంలో స్టూవర్టుపురం, సిద్ధాపురం సెటిల్‌మెంట్లు ఆ విధానంలో పుట్టినవే. ఆ చట్టం 1952లో రద్దయింది. ఐతే పుస్తకంలోనుంచి చట్టం పోయింది గాని, మనసులోనుంచి పట్టిక పోలేదు. 2018 నాటి వదంతి ఆ పట్టికనే తిరిగి చదివింది.

హిజ్రాల సంగతి ఇంకా స్పష్టం. 1871 చట్టం రెండవ భాగం పూర్తిగా వారిమీదనే. నైజాం ప్రభుత్వం కూడా దాన్ని అనుసరించి 1329 ఫసలీలో, అంటే 1919 ప్రాంతంలో, ఒక చట్టం చేసింది. పిల్లలను ఎత్తుకుపోతారని అనుమానం ఉన్న హిజ్రాల పేర్లు, చిరునామాలు పుస్తకంలో రాసి ఉంచాలని ఆ చట్టం చెప్పింది. గమనించండి: పిల్లలను ఎత్తుకుపోతారని! నైజాం పోయాడు, హైదరాబాదు రాష్ట్రం పోయింది, ఆంధ్రప్రదేశ్ వచ్చింది, తెలంగాణ వచ్చింది. ఆ చట్టం మాత్రం చెక్కు చెదరకుండా నిలిచింది. చాంద్రాయణగుట్టలో ఆ మనిషిని చంపిన రాత్రికి కూడా అది పుస్తకంలోనే ఉన్నది. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు రాజ్యాంగ విరుద్ధమని దాన్ని కొట్టివేసింది. నూరేళ్ళకు పైగా ప్రభుత్వపు గ్రంథంలో ఉన్న మాటనే ఆ గుంపు నమ్మింది. అప్పుడు అజ్ఞాని ఎవరు? పొగ చూసి నిప్పు ఉన్నదనుకున్న మిత్రులారా, ఆ నిప్పు రాజేసినది కచేరీలలోనే.

వదంతికి ఒక స్వభావం ఉన్నది. అది ఎప్పుడూ పల్లానికే పారుతుంది. గడీలో కూర్చున్న దొర పిల్లల్ని ఎత్తుకుపోతున్నాడని ఏ వదంతీ పుట్టదు. నిజానికి ఒకప్పుడు నల్లగొండ పల్లెల్లో వెట్టికి పిల్లల్ని ఇళ్ళలోనుంచి తీసుకుపోయినవాడు దొరే. కారు దిగి వచ్చినవాణ్ణి సంచి విప్పి చూపించమని అడిగే ధైర్యం గుంపుకు సాధారణంగా ఉండదు. భిక్షగాడు, పాతబట్టల వ్యాపారి, మతి చలించినవాడు, భాష రానివాడు, హిజ్రా: వదంతి వెతుక్కునేది వీళ్ళనే. బీదరులో ఇంజనీరు చనిపోయాడు కదా అని ఎవరైనా అనవచ్చు. నిజమే. పల్లానికి పారే నీరు వరదైతే మెరకనూ ముంచుతుంది. ఐనా వరద వచ్చిన దారి దారే.

ఇక పాలమూరుకు ఈ విషయం అందరికంటె దగ్గరది. పాలమూరు కూలీ తిరగని రాష్ట్రం లేదు. గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సుకు కట్టుబడి, పిల్లాజెల్లలతో, మూటాముల్లెతో, భాష తెలియని ఊళ్ళకు పోయి ఆనకట్టలు కట్టినవాళ్ళు, కాలువలు తవ్వినవాళ్ళు మనవాళ్ళు. బొంబాయిలో కామాఠీపురా అనే పేటకు ఆ పేరు వచ్చిందే మన ప్రాంతం నుంచి కూలికి పోయిన కామాఠీల వల్ల. పుణెలో, షోలాపురంలో, భివండీలో ఇవాళ కూడా మన కూలీ ఎవరికో ఒకరికి అపరిచితుడే. రాత్రి బస్సు దిగి దారి అడిగితే ఆ వీధిలో అతడే బీహారు ముఠా. 2018 మే నెలలోనే బెంగుళూరు చామరాజపేటలో రాజస్థాను నుంచి పని వెతుక్కుంటూ వచ్చిన యువకుణ్ణి ఇదే అనుమానంతో కొట్టి చంపారు. జులై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లా రైన్‌పాడాలో, షోలాపురం వైపు నుంచి వచ్చిన సంచార గోసావులు ఐదుగురిని గ్రామపంచాయతీ కార్యాలయంలోకి లాగి మరీ చంపారు. వాళ్ళ స్థానంలో మన ఊరి కూలీని నిలబెట్టి చూడండి. ఊహకు పెద్ద శ్రమ అవసరం లేదు. బీహారు కూలీ మీద పాలమూరులో ఎత్తిన కర్ర షోలాపురంలో పాలమూరు కూలీ మీద పడుతుంది. అందువల్ల వలస జిల్లా మనిషి పరాయివాణ్ణి ద్వేషించడమంటే తన అన్నదమ్ములకు తానే గొయ్యి తవ్వడం.

ఇంతవరకు ఒప్పుకున్న మిత్రులు కొందరు ఇంకొక అంచుకు పోతారు. "అనుమానమే రోగం. కుట్ర అనే మాటనే మానాలి. ప్రభుత్వం చెప్పినది వినాలి, నిపుణుడు చెప్పినది నమ్మాలి" అంటారు. దీన్ని నేను అంగీకరించలేను. నల్లగొండ చరిత్ర తెలిసినవాడెవడూ అంగీకరించలేడు. దొర చేతిలోని కాగితాన్ని, పట్వారీ రాసిన లెక్కను అనుమానించకపోతే ఈ నేలమీద సంఘమే పుట్టేది కాదు. ప్రభుత్వాలు నిజాన్ని దాచవని ఎవరు హామీ ఇస్తారు? 1948 సైనిక చర్య తరువాత హైదరాబాదు జిల్లాల్లో జరిగిన హత్యాకాండను విచారించిన సుందర్‌లాల్ సంఘం నివేదికను దశాబ్దాలపాటు ప్రజలకు చూపించలేదు. దాచిన నిజం చుట్టూ రెండు వైపులా ఎన్ని అబద్ధాలు పెరిగాయో, వాటిని ఎవరెవరు పంట కోసుకున్నారో ఈ జిల్లాలవారికి చెప్పనక్కరలేదు.

మంచి అనుమానానికి ఉదాహరణ కూడా ఇక్కడే ఉన్నది. 2019లో పాత మహబూబ్‌నగర్ జిల్లా అమ్రాబాదు అడవుల్లో 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం అన్వేషణకు కేంద్ర ప్రభుత్వపు అటవీ సలహాసంఘం సూత్రప్రాయంగా సమ్మతించింది. చెంచులు, చుట్టుపక్కల రైతులు అనుమానించారు. ఏమని? తవ్వితే నీళ్ళేమవుతాయి, కృష్ణ ఏమవుతుంది, మేము ఎక్కడికి పోవాలి అని. ఆ అనుమానం కాగితం అడిగింది, సభ పెట్టింది, అధికారులను నిలవేసింది. 2019 సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని ఏకగ్రీవంగా తీర్మానించవలసి వచ్చింది. ఈ పోరాటంలో ఏ బాటసారికీ దెబ్బ తగలలేదు.

కాబట్టి గీత గీయవలసింది నమ్మకానికీ అనుమానానికీ మధ్య కాదు. అనుమానం ఎవరిమీద అన్నదే ప్రశ్న. అధికారం ఉన్నవాణ్ణి కాగితం చూపించమని అడిగే అనుమానం ప్రజాస్వామ్యానికి ప్రాణం. దిక్కులేనివాణ్ణి సంచి చూపించమని అడిగే అనుమానం హత్యకు మొదటి మెట్టు. మొదటిదానికి జవాబు వస్తే అది ఆగుతుంది; రెండవదానికి ఏ జవాబూ చాలదు. సంచిలో ఏమీ లేకపోతే, దాచాడంటుంది. వదంతిని గుర్తుపట్టడానికి ఇంతకంటె తేలికైన గుర్తు నాకు తెలియదు.

ఈ గుర్తుతో చూస్తే రాజకీయ అబద్ధాల తీరు కూడా తెలుస్తుంది. 2020లో కరోనా వచ్చిన కొత్తలో కోడిమాంసం వల్ల ఆ రోగం వస్తుందని వదంతి పుట్టింది. కోళ్ళ పరిశ్రమ దెబ్బతిన్నది. వెంటనే ఆ ఫిబ్రవరి చివర హైదరాబాదులో సభ పెట్టి, రాష్ట్ర మంత్రులు స్వయంగా వేదికెక్కి అందరి ఎదుట కోడికూర తిని చూపించారు. నేను దాన్ని తప్పు పట్టడం లేదు; వదంతిని ఎదుర్కోవడానికి అది మంచి పద్ధతే. నెల తిరక్కుండానే ఢిల్లీ మర్కజ్ సభ పేరు చెప్పి ఒక మతస్థులందరినీ రోగం పంచేవాళ్ళుగా చిత్రించే ప్రచారం దేశమంతా సాగింది. ఆ ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాదు ధర్మాసనం విదేశీ జమాతు సభ్యుల మీది కేసులు కొట్టివేస్తూ, వారిని బలిపశువులను చేసినట్టున్నదని వ్యాఖ్యానించింది. కోడి మీద పడ్డ నిందను తుడవడానికి వేసిన వేదిక మనిషి మీద పడ్డ నిందను తుడవడానికి ఎందుకు వెయ్యరు? కోడి వెనక పెట్టుబడి ఉన్నది. తోపుడుబండి వెనక ఏమున్నది?

ఎన్నికల సంగతి చెప్పనే అక్కరలేదు. 2022 నవంబరు 3న మునుగోడు ఉపఎన్నిక పోలింగు జరుగుతుండగానే, కాంగ్రెస్ అభ్యర్థి పాల్వాయి స్రవంతి ముఖ్యమంత్రిని కలిసి పార్టీ మారుతున్నదని ఒక కల్పితవార్త ఫోన్లలో తిరిగింది. ఆమె ఖండించి ఎన్నికల అధికారులకు ఫిర్యాదు చెయ్యవలసి వచ్చింది. ఆ అబద్ధానికి కావలసిన ఆయుర్దాయం సాయంత్రం దాకానే. ఖండన ఊళ్ళకు చేరేసరికి పెట్టెలు మూతపడతాయి. ఇందులో ఓటరు అజ్ఞానం ఎంత? గంటలు లెక్కపెట్టుకుని అబద్ధం వదిలినవాడి తెలివి ఎంత?

మరి మందు ఏమిటి? చట్టాలంటారు. 2018 జులై 17న సుప్రీంకోర్టు గుంపు హత్యలను అరికట్టడానికి జిల్లాకొక బాధ్యుడైన పోలీసు అధికారిని నియమించమన్నది. 2024 జులై నుంచి అమలులోకి వచ్చిన న్యాయసంహితలో, ఐదుగురు లేక అంతకు మించినవారు కలిసి కులం, మతవర్గం, పుట్టినచోటు, భాష వంటి కారణాలతో చేసే హత్యకు ప్రత్యేక శిక్ష పెట్టారు. ఇవి అవసరమే. వాట్సాప్ కంపెనీ 2018 జులైలో మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదుగురికి మించి పంపకుండా కట్టడి పెట్టింది. అదీ మంచిదే, అంతమంది చచ్చేదాకా ఎందుకు ఆగిందని మాత్రం అడగవలసి ఉన్నది. ఐతే ఏది నిజమో ఏది అబద్ధమో తేల్చే ముద్ర ప్రభుత్వం చేతికే ఇద్దామనే వైద్యం మాత్రం రోగం కంటె చెడ్డది. కేంద్ర ప్రభుత్వం తన పనుల గురించిన వార్తల్లో నిజానిజాలు తానే తేల్చేందుకు 2023లో చేసిన నిబంధనను బొంబాయి హైకోర్టు 2024 సెప్టెంబరులో కొట్టివేసింది. ముద్దాయే తీర్పు చెప్పే న్యాయస్థానం మనకు వద్దు.

అసలు మందు ఏమిటో గద్వాల చూపించింది. ఆ 2018లోనే పాత మహబూబ్‌నగర్ నుంచి విడివడిన జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాలకు పోలీసు అధికారిణిగా రెమా రాజేశ్వరి ఉండేవారు. వేసవిలో ఆరుబయట మంచాలు వేసుకుని పడుకునే జనం పొద్దు గుంకకముందే తలుపులు బిగించుకోవడం ఊళ్ళ బాధ్యత చూసే పోలీసులు గమనించారు. ఏమి జరిగిందని అడిగితే ఫోన్లు తీసి చూపించారు. అప్పుడామె ఫోన్లు గుంజుకోలేదు. ఎవరినీ అజ్ఞాని అనలేదు. సుమారు 400 గ్రామాలకు పోలీసులను పంపి, గడపగడపకు తిరిగి మాట్లాడమన్నారు. దప్పు కొట్టించారు. జానపద కళాకారుల చేత పాటలు కట్టించి పాడించారు. ఊరివాళ్ళ గ్రూపుల్లోనే తమ మనుషులూ చేరి, అబద్ధం వచ్చిన గంటలోనే అది అబద్ధమని చెప్పించారు. చుట్టుపక్కల చావులు జరుగుతున్న ఆ రోజుల్లో ఆమె పరిధిలో వదంతి వల్ల ఒక్క ప్రాణమూ పోలేదని దేశవిదేశాల పత్రికలు రాశాయి.

ఇది ఎందుకు నెగ్గింది? ఫోనులో వచ్చిన మాట కూడా తెలిసినవాడి నుంచే వస్తుంది: బావమరిది పంపాడు, మేనత్త కొడుకు పంపాడు. ఆ నమ్మకాన్ని హైదరాబాదు నుంచి వచ్చే ప్రకటన ఓడించలేదు. తెలిసిన ముఖం, తెలిసిన గొంతు, తెలిసిన దరువు మాత్రమే ఓడించగలవు. గద్వాల ప్రజలు, నిజం తమ భాషలో తమ వాకిటికి వస్తే నమ్మారు. ప్రజలు అజ్ఞానులన్న సిద్ధాంతానికి ఇంతకంటె గట్టి జవాబు ఉండదు.

ఐతే ఈ కథలో రచయితలుగా మనల్ని సిగ్గుపరచవలసిన సంగతి ఒకటి ఉన్నది. దప్పు పట్టింది పోలీసు శాఖ! పల్లెకు పాటను ఆయుధంగా ఇచ్చింది ఎవరు? ప్రజానాట్యమండలి ఇవ్వలేదా? నల్లగొండ పల్లెల్లో సుద్దాల హనుమంతు గొల్లసుద్దులను, బుర్రకథను సంఘం మాటకు వాహనాలు చేయలేదా? 1947లో 'మా భూమి' నాటకం ఊరూరా ఆడి జనానికి నిజం చెప్పలేదా? ఆ వారసత్వం మాది అని జయంతులు చేసుకునే మనం 2018 మే నెలలో ఏ ఊరికి పోయాం? పోలీసు మంచి పని చేస్తే మెచ్చుకుందాం. కాని ఆ అధికారి బదిలీ ఐతే ఆ పని నిలుస్తుందా? పైగా ఖాకీ బట్ట చెప్పే నిజాన్ని నమ్మడానికి తండాకు, చెంచుపెంటకు, హిజ్రాకు తగిన కారణాలు లేవు. వారి పేర్లను పట్టికల్లో రాసుకున్నది ఆ బట్టే కదా. వారి దగ్గరికి పోవలసింది మనం.

అందుచేత సంఘం శాఖలకు నా సూచన ఇది. ప్రతి మండలంలోనూ కవి, ఉపాధ్యాయుడు, ఆశా కార్యకర్త, దప్పు కళాకారుడు కలిసి ఒక చిన్న బృందంగా ఏర్పడాలి. ఊళ్ళో తిరుగుతున్న మాట ఏదో వారు వారం వారం తెలుసుకోవాలి. బొమ్మ ఎక్కడిది, ఎప్పటిది, ఎవరు మొదట పంపారు, దీన్ని నమ్మితే ఎవరికి లాభం, దెబ్బ ఎవరికి తగులుతుంది అనే ప్రశ్నలను పాటలోకి, సుద్దులోకి, ఏకపాత్రలోకి తేవాలి. వలసపోయి వచ్చిన కూలీల చేతనే పరాయి ఊళ్ళో తమకు జరిగిన అవమానాలను సభలో చెప్పించాలి. సంచారజాతుల చరిత్రను, ఆ పట్టికల చరిత్రను పిల్లలకు కథలుగా రాయాలి. రాజకీయ పక్షాల అబద్ధాన్ని ఖండించేటప్పుడు మనకు దగ్గరి పక్షమా, దూరపు పక్షమా అని చూడకూడదు. మనవాడి అబద్ధాన్ని ఒక్కసారి కడుపులో దాచుకుంటే, ఆ తరువాత మన నిజానికి విలువ ఉండదు.

ప్రజలను తిట్టడం సులభం. అది ఇంట్లో కూర్చునే చేయవచ్చు. వాళ్ళ భయాన్ని విని, ఆ భయానికి తగిలించిన తప్పుడు ముఖాన్ని ఊడదీసి, అసలు ముఖం చూపించడం కష్టం; దానికి ఊరికి పోవాలి. వదంతి ఎవరి ఆహ్వానమూ లేకుండానే ప్రతి గడపకూ పోతున్నది. నిజం మాత్రం సభాధ్యక్షుడు పిలిచేదాకా కూర్చోవడానికి వీలులేదు.